అమ్మమ్మ చీర ఏ రంగు?

మా అమ్మమ్మ పెళ్లిచీర వంకాయ రంగుది. మామిడిపండు రంగు అంచు. అరవై ఏళ్లు దాటిన కంచిపట్టు కదా, మడత విప్పాలంటేనే అమ్మకి భయం. వచ్చే వేసవిలో మా మేనకోడలికి ఓణీల వేడుక. అక్కావాళ్లు డల్లాస్‌ నుంచి వస్తున్నారు. ఆ రోజు పిల్లచేత తాతమ్మ చీర కట్టించాలని అక్క ముచ్చట. చీర ఉంది, దాని మీదికి జాకెట్టు లేదు. మేనమామని కదా, గుడ్డ తెచ్చే పని నా మీద పడింది.

'చీర పట్టుకెళ్లరా' అంది అమ్మ. 'బస్సులో నలిగిపోతుందమ్మా, ఫోటో తీసుకెళ్తాలే' అన్నాను. హాల్లో లైటు వేసి, సోఫా మీద చీర పరిచి, నాలుగు ఫోటోలు తీశాను. మాచింగ్ సెంటర్లో కుర్రాడు ఫోను చూసి, తాను మీద తాను తీసి, స్క్రీన్ పక్కన పెట్టి చూసి మరీ సరిపోయే గుడ్డ కోసిచ్చాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇంటికొచ్చి చీర మీద పెడితే తెలిసింది. నేను తెచ్చింది నీలం.

'ఇదేం రంగురా?' అంది అమ్మ. ఫోటో చూపించాను. ఫోటోలో చీర కూడా నీలంగానే ఉంది. అమ్మ ఓసారి ఫోను చూసింది, ఓసారి చీర చూసింది, తరవాత గోడకేసి చూసింది. గోడ మీద అమ్మమ్మ పెళ్లిఫోటో ఉంది. నలుపు తెలుపు ఫోటోనే. పెళ్లయిన కొత్తలో తాతయ్య సరదాపడి స్టూడియోలో రంగులు వేయించారట. ఆ రంగులు వేసినాయన చీరని ఎప్పుడూ చూడలేదు కాబట్టి శుభమా అని చిలకపచ్చ వేసేశాడు. 'అప్పుడు వాడు పచ్చ అన్నాడు. ఇప్పుడు నీ ఫోను నీలం అంటోంది. మా అమ్మ చీర రంగు దానికి ఉంచరేంరా మీరు?' అంది.

అమ్మ ఉక్రోషంతో అన్న మాటే గానీ, తరవాత కూర్చుని చదివితే అర్థమైంది... కెమెరా చేసే పనికి అంతకన్నా సరైన వర్ణన లేదు. ఆ స్టూడియో ఆయనా, నా ఫోనూ చేసింది ఒకటే పని. నలుపు తెలుపు ఫోటోకి రంగులు వేయడం!

అవునండీ. మీ చేతిలో ఉన్నది ఎంత ఖరీదైన ఫోనైనా, దాని లోపలున్న సెన్సర్‌కి రంగులు తెలియవు. వాన పడుతున్నప్పుడు వాకిట్లో వరసగా గిన్నెలు పెట్టారనుకోండి. వాన వెలిశాక ఏ గిన్నెలో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలవచ్చు. ఆ నీళ్లు ఏ మబ్బులోంచి వచ్చాయో గిన్నె చెప్పలేదు. సెన్సర్ కూడా అంతే. సిలికాన్ పలక మీద లక్షల కొద్దీ బుల్లి గిన్నెలుంటాయి. వాటినే పిక్సెల్స్ అంటున్నాం. వెలుగు పడితే అందులో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఎన్ని పోగయ్యాయో లెక్కపెడితే అక్కడ ఎంత వెలుతురు పడిందో తెలుస్తుంది. ఎర్రటి వెలుతురా, నీలపు వెలుతురా అంటే... ఎలక్ట్రాన్ మీద రంగు రాసి ఉండదు కదా!

ఈ గిన్నెల ఆలోచన 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఓ మధ్యాహ్నం బోర్డు ముందు నిలబడి, గంటసేపట్లో సీసీడీ అనే చిప్ రూపాన్ని గీసేశారని చెబుతారు. దానికి వాళ్లిద్దరికీ 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తరవాత 1990ల్లో నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం చవగ్గా, తక్కువ కరెంటుతో పనిచేసే సీమాస్ సెన్సర్‌ని తీర్చిదిద్దింది. ఇవాళ మన ఫోన్లలో ఉన్నవి ఆ జాతివే. సీసీడీ అయినా సీమాస్ అయినా ఒక్క విషయంలో తేడా లేదు. రెండూ రంగులు తెలియనివే.

మరి రంగు ఎలా? దీనికి జవాబు కెమెరా కంప్యూటరు ముఖం చూడకముందే, నూట అరవై ఏళ్ల కిందటే దొరికింది. 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఓ ప్రదర్శన ఇచ్చాడు. గళ్లగళ్ల రిబ్బను ఒకటి తీసుకున్నాడు. ఎర్ర ఫిల్టరు పెట్టి ఓ ఫోటో, పచ్చ ఫిల్టరుతో ఓ ఫోటో, నీలం ఫిల్టరుతో ఓ ఫోటో తీయించాడు. మూడూ నలుపు తెలుపువే. వాటిని అవే ఫిల్టర్ల గుండా తెర మీద ఒకదానిపై ఒకటి పడేలా వేస్తే రిబ్బను రంగుల్లో కనిపించింది. ప్రపంచంలో మొదటి కలర్ ఫోటో అని చెప్పుకునేది దాన్నే.

ఇందులో ఓ తమాషా ఉంది. ఆ రోజుల్లో ఫోటో పలకలకి ఎరుపు ఆనదు. మరి ఎర్ర ఫిల్టరు వెనక బొమ్మ ఎలా పడింది? సరిగ్గా వందేళ్లకి, 1961లో, కొడాక్ పరిశోధకులు గుట్టు విప్పారు. ఆ రిబ్బనులోని ఎర్రటి అద్దకం, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా వెనక్కి పంపుతోంది. మాక్స్‌వెల్ వాడిన ఎర్ర ఫిల్టరు ఆ కాంతిని కూడా లోపలికి వదులుతోంది. పలక మీద పడింది అదీ! అంటే మొదటి కలర్ ఫోటోలో ఎరుపు ఎరుపే కాదు. బట్టల రంగు విషయంలో కెమెరా బొంకడం నా ఫోనుతో మొదలైంది కాదన్నమాట. నాకైతే కాస్త ఊరట కలిగింది.

మూడు ఫోటోలు తీసి కలపడం బాగానే ఉంది గానీ, ఎదుటి వస్తువు కదలకుండా ఉండాలి. రష్యాలో ప్రొకూదిన్ గోర్‌స్కీ అనే ఆయన 1909 నుంచి కొన్నేళ్లు ఊరూరా తిరిగి ఇలాగే మూడేసి ఫోటోలు తీశాడు. ఆ కొండలూ గుడులూ చూస్తే నిన్న తీసినట్టుంటాయి. నదులు మాత్రం చిత్రంగా ఉంటాయి. ఎర్ర ఫోటోకీ నీలం ఫోటోకీ మధ్య అల కదిలిపోయింది కదా, నీళ్ల మీద ఇంద్రధనుస్సు ముక్కలు చల్లినట్టుంటుంది.

కదిలేవాటికి ఇంకో దారి ఉంది. లెన్స్ వెనక పట్టకం పెట్టి, వెలుగుని మూడు రంగులుగా చీల్చి, మూడు వేరు వేరు సెన్సర్ల మీద వేయడం. టీవీ కెమెరాలవాళ్లు చేసింది అదే. ఒకప్పుడు పెళ్లి వీడియోలవాళ్లు 'మాది త్రీ సీసీడీ అండీ' అని గొప్పగా చెప్పి రేటు పెంచేవాళ్లు గుర్తుందా? ఆ మూడు ఇవే. రంగు నిజంగానే బాగుండేది. కాకపోతే మూడు సెన్సర్లు, ఓ పట్టకం... చొక్కా జేబులో పట్టే వ్యవహారం కాదు.

ఇక్కడికి వస్తాడు మన కథానాయకుడు. పేరు బ్రైస్ బేయర్. అమెరికాలోని రోచెస్టర్‌లో కొడాక్ పరిశోధనశాలలో ఉద్యోగి. తలనొప్పి మాత్రల బేయర్‌కీ ఈయనకీ ఏ చుట్టరికమూ లేదు. 1975 మార్చిలో ఈయన పేరున కొడాక్ ఓ పేటెంటుకి దరఖాస్తు చేసింది. 1976 జులైలో మంజూరైంది. అందులో ఉన్నదేమిటంటే... మూడు సెన్సర్లు ఎందుకు, ఒక్కటే చాలు. దాని మీద ప్రతి గిన్నెకీ ఒక్కో రంగు మూత పెడదాం.

మన చుక్కల ముగ్గు ఊహించుకోండి. మొదటి వరసలో పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. రెండో వరసలో నీలం, పచ్చ, నీలం, పచ్చ. మళ్లీ మొదటి వరస. పలకంతా ఇలాగే. ఎర్ర మూత ఉన్న గిన్నెలోకి ఎర్ర వెలుగే దిగుతుంది. అందులో ఎంత పోగైతే అక్కడ అంత ఎరుపు ఉన్నట్టు. మూతల్లో సగం పచ్చవే. ఎరుపు పావు, నీలం పావు. పచ్చకి ఎందుకంత పక్షపాతం? మన కంటికి వెలుగునీడల తేడా, గీతల పదును అన్నీ ఎక్కువగా తెలిసేది పచ్చకి దగ్గరున్న వెలుతురులోనే. బొమ్మ స్పష్టత పచ్చలో ఉంటే, ఎరుపూ నీలమూ కాస్త అలికినట్టున్నా కన్ను పట్టించుకోదు. బేయర్ కెమెరాని కాదు, కెమెరా బొమ్మ చూసేవాణ్ని లెక్కలోకి తీసుకున్నాడు. ఆయన గొప్పతనం అక్కడుంది.

అదే 1975 డిసెంబర్‌లో అదే కొడాక్‌లో స్టీవెన్ శాసన్ అనే కుర్ర ఇంజినీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు, పదివేల పిక్సెల్స్, నలుపు తెలుపు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. కెమెరా ఒకరు, దానికి రంగు ఒకరు ఒకే గొడుగు కింద కనిపెట్టినా, ఆ కంపెనీయే ఫిల్ము పట్టుకు వేలాడి 2012 జనవరిలో దివాలా పిటిషన్ పెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో బేయర్ కన్నుమూశాడు. ఆయన ముగ్గు మాత్రం ఇవాళ మనం తీసే ఫోటోల్లో దాదాపు అన్నింటి వెనకా ఉంది.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. మీది 12 మెగాపిక్సెల్ కెమెరా అనుకోండి. కోటీ ఇరవై లక్షల గిన్నెలు. అందులో 60 లక్షలకి పచ్చ మాత్రమే తెలుసు. 30 లక్షలకి ఎరుపు, 30 లక్షలకి నీలం. కానీ స్క్రీన్ మీద కనిపించే బొమ్మలో ప్రతి చుక్కకీ మూడు రంగుల అంకెలూ ఉండాలి. అంటే మూడు కోట్ల అరవై లక్షల అంకెలు. సెన్సర్ కొలిచింది కోటీ ఇరవై లక్షలే. మిగతా రెండు కోట్ల నలభై లక్షలూ ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఊహించినవి! పక్క గిన్నెల్ని చూసి, 'ఇటు ఎరుపు ఇంత, అటు ఎరుపు అంత, కాబట్టి మధ్యలో ఇంత ఉంటుందిలే' అని కెమెరాలోని సాఫ్ట్‌వేర్ వేసే అంచనా. దీనికి డిమొజాయికింగ్ అని పేరు. మీ ఆల్బంలో ప్రతి ఫోటోలోనూ మూడింట రెండొంతుల రంగు ఇలా పూరించిందే. స్టూడియోలో కుంచె పట్టుకున్న ఆయనకీ దీనికీ తేడా ఒకటే. ఆయనకి చీర రంగు గురించి ఏ ఆధారమూ లేదు. దీనికి మూడో వంతు ఆధారం ఉంది.

ఆకాశం, గోడ, బుగ్గ లాంటివాటి దగ్గర ఈ అంచనా ఇట్టే సరిపోతుంది. పక్కపక్క చుక్కలు ఒకేలా ఉంటాయి కాబట్టి. చిక్కంతా సన్నటి నేత దగ్గరే. జరీ గీతలు, చిన్న గళ్లు, పోగు పోగుకీ రంగు మారే నేత... ఆ గీతల దూరం, సెన్సర్ మీద మూతల దూరం ఇంచుమించు ఒకటైతే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. లేని చోట పచ్చా గులాబీ చారలు ఈదుతున్నట్టు వచ్చేస్తాయి. దీన్ని మోయిరే అంటారు. టీవీలో వార్తలు చదివేవాళ్లు సన్న గళ్ల చొక్కాలు వేసుకోరు, గమనించారా? కారణాల్లో ఇదీ ఒకటి. దీనికి విరుగుడుగా చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు బొమ్మని కావాలనే రవ్వంత మసక చేసే ఓ గాజుపలక పెడతారు. వేలకు వేలు పోసి పదునైన లెన్స్ కొనిపించి, దాని వెనక మసక అద్దం పెట్టడం! ఫ్యూజీ వాళ్లు 2012లో ఈ మసక అద్దం తీసేసి, ముగ్గునే మార్చారు. నాలుగు చుక్కల ముగ్గు బదులు ఆరు ఆర్లు ముప్పై ఆరు చుక్కల ముగ్గు. వరస అంత తేలిగ్గా తిరిగి రాదు కాబట్టి తికమక తగ్గుతుందని వాళ్ల వాదన.

ఈ ఊహల గొడవే వద్దు అన్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో చిప్‌ల రంగంలో పెద్ద తలకాయ అయిన కార్వర్ మీడ్ మరికొందరితో కలిసి 1997లో ఫోవియాన్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్లు నమ్ముకున్న విషయం చాలా సులువైనది. సిలికాన్‌లోకి వెలుగు దిగేటప్పుడు నీలం పైపైనే ఆగిపోతుంది. పచ్చ ఇంకాస్త లోతుకి వెళుతుంది. ఎరుపు అన్నిటికన్నా లోతుకి దిగుతుంది. అయితే మూతలెందుకు? ఒకే చోట మూడు లోతుల్లో మూడు గిన్నెలు పెడితే సరి, ఫిల్ములో మూడు పొరలున్నట్టు! ప్రతి చుక్కకీ మూడు రంగులూ కొలిచినవే, ఊహ లేదు. 2002లో సిగ్మా కంపెనీ ఎస్‌డీ9 కెమెరా ఈ సెన్సర్‌తోనే వచ్చింది. దాంతో తీసిన ఫోటోల్లో వెంట్రుకలూ, ఆకుల ఈనెలూ చూసినవాళ్లు మళ్లీ మామూలు ఫోటో చూడలేమన్నారు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నవాళ్లున్నారు.

మరి ప్రపంచమంతా దానికెందుకు మారలేదు? సిలికాన్ మంచి జల్లెడ కాదు. నీలం పొరలో పచ్చా చిక్కుకుంటుంది, పచ్చ పొరలోకి ఎరుపూ వస్తుంది. మూడు పొరల నీళ్లూ కలిసిపోతే, వాటిని వేరుచేయడానికి పెద్ద లెక్కలు కట్టాలి. కట్టినకొద్దీ గరగర పెరుగుతుంది. ఎండలో అద్భుతంగా వచ్చే ఫోటో, సాయంత్రం గదిలో తీస్తే చుక్కలు చుక్కలుగా రంగు తప్పుతుంది. పెళ్లిళ్లు రాత్రి ముహూర్తాలకి కూడా జరుగుతాయి కదా! ఫోవియాన్‌ని 2008లో సిగ్మాయే కొనేసింది. ఫుల్‌ఫ్రేమ్ సైజులో కొత్త ఫోవియాన్ తెస్తామని 2018లో ప్రకటించింది. 2020లో తెస్తామంది. 2021లో, సెన్సర్‌లో లోపాలొచ్చాయి, మళ్లీ మొదట్నుంచి మొదలెడుతున్నామంది. ఉన్నదున్నట్టు కొలిచే కెమెరా ఓడి, తెలివిగా ఊహించే కెమెరా గెలిచింది. నాకు ఫోవియాన్ మీద జాలి ఉంది గానీ, కొనమంటే మాత్రం నేనూ కొనను.

ఇంతకీ ఆ పేరెక్కడిది? కంట్లో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. ఇప్పుడీ అక్షరాలు చదువుతున్నది దాంతోనే. తమాషా చూడండి, కంట్లో పొరలూ లేవు. అక్కడున్నదీ ముగ్గే! మూడు రకాల కణాలు పక్కపక్కన పరిచి ఉంటాయి. నీలం వైపు చూసే కణాలు బాగా తక్కువ. ఫోవియా నట్టనడుమ అసలుండవు. 1999లో రూర్డా, విలియమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బతికున్న మనుషుల కళ్లలో ఈ కణాల్ని రకాలవారీగా ఫోటో తీసి చూపించారు. ఒకరిలో ఎరుపు వైపువి, పచ్చ వైపువి దాదాపు సమానం. ఇంకొకరిలో ఒక్క పచ్చకి నాలుగు ఎరుపులు. అయినా ఇద్దరికీ రంగులు మామూలుగానే తెలుస్తున్నాయి. మిగతాది మెదడు పూరిస్తోంది. కాబట్టి ఊహించడం తప్పని కెమెరాని తిట్టే హక్కు మనకి పెద్దగా లేదు.

అయితే మా చీర నీలమెందుకైంది? దానికి పక్కచుక్కని చూసి వేసే అంచనా ఒక్కటే కారణం కాదు. ఇంకో రెండు తగాదాలున్నాయి.

మొదటిది మూతల తగాదా. కెమెరాలో ఎర్ర మూత చూసే ఎరుపు, మన కంట్లో కణాలు చూసే ఎరుపు ఒకటి కావు. ఇంద్రధనుస్సు చివర ఊదా చూడండి. నీలంలో కాస్త ఎరుపు కలిసినట్టు మనకి తోస్తుంది. చాలా కెమెరాల్లో ఎర్ర మూత ఆ చివర గుడ్డిది. దానికి అక్కడ నీలం తప్ప ఏమీ లేదు. ఇక రెండో చివర, ముదురు ఎరుపు దాటాక, కథ తలకిందులు. అక్కడ మనం గుడ్డి, సిలికాన్ చూస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ దానికి పట్టపగలే. టీవీ రిమోట్‌ని ఫోను సెల్ఫీ కెమెరా ముందు పెట్టి మీట నొక్కండి. చాలా ఫోన్లలో చివరన మినుకుమినుకుమని వెలుగుతుంది. అందుకే సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు పెడతారు. 2006లో లైకా కంపెనీ ఎం8 కెమెరాలో ఆ గాజు మరీ పల్చగా పెట్టింది. ఫలితం? నల్లటి సింథటిక్ కోట్లన్నీ ఫోటోల్లో వంకాయ రంగులో వచ్చాయి! లక్షలు పోసి కొన్నవాళ్లు గోలపెడితే కంపెనీ లెన్స్‌కి తగిలించుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చింది. గాజు పల్చనైతే నలుపు వంకాయ అవుతుంది. మందమైతే వంకాయలోని ముదురు ఎరుపు కొంత తెగి నీలంవైపు జరుగుతుంది. వంకాయ, ఊదా, నేరేడు... ఈ కుటుంబం మొత్తం కెమెరాలకి పాత చుట్టమే, వచ్చినప్పుడల్లా గొడవే.

రెండోది వెలుతురు తగాదా. మా హాల్లో ఉన్నది ఎల్‌ఈడీ. తెల్ల ఎల్‌ఈడీ అంటే చాలావరకు నీలం దీపం మీద పసుపు పూత. అందులో నీలం దండిగా ఉంటుంది, ముదురు ఎరుపు తక్కువ. చీర మీద పడని ఎరుపు చీర నుంచి తిరిగెలా వస్తుంది? పైగా కెమెరాకి ఇంకో పని ఉంది. 'ఇక్కడ తెలుపేది?' అని అదే తేల్చుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద తెల్ల చొక్కా వేరు, ఎండలో వేరు, కొవ్వొత్తి దగ్గర వేరు. మనకి అన్నిచోట్లా తెల్లగానే కనిపిస్తుంది, మెదడు సర్దేస్తుంది. కెమెరా సర్దుబాటుని వైట్ బ్యాలెన్స్ అంటారు. ఫ్రేము నిండా ఒకే రంగు చీర పరిచి, తెల్లటిదేదీ కనపడకుండా తీస్తే పాపం అది దేన్ని పట్టుకుని తేల్చుకుంటుంది?

2020 సెప్టెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్చిచ్చుల పొగ కమ్మి పట్టపగలు ఆకాశమంతా నారింజ రంగుకి తిరిగింది. జనం భయపడుతూ బయటికొచ్చి ఫోన్లు ఎత్తారు. ఫోన్లలో ఆకాశం మామూలు మబ్బు పట్టినట్టు బూడిద రంగులో వచ్చింది! ఆకాశం నారింజగా ఉండదు, దీపం రంగు తేడాగా ఉందేమో అని ఫోను అనుకుంది, సర్దేసింది. కళ్లెదుట ఉన్నదాన్ని పక్కవాళ్లకి చూపించలేకపోయారు. చివరికి ఆటోమేటిక్ తీసేసి, చేత్తో సెట్ చేసుకున్నవాళ్ల ఫోటోల్లోనే ఆ రోజు ఉన్న రంగు మిగిలింది.

చీర, ఆకాశం సరే, మనిషి రంగు మాటేమిటి? ఈ విషయంలో కెమెరా రంగం చరిత్ర ఏమంత బాగాలేదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ప్రింటింగ్ ల్యాబులకి ఓ నమూనా ఫోటో పంపేది. షర్లీ కార్డు అనేవాళ్లు. అందులో ఉండేది తెల్ల అమ్మాయి. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే మెషీను సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్లూ, చామనఛాయవాళ్లూ అదే మెషీన్లోంచి కళ్లూ పళ్లూ మాత్రమే కనిపించేలా బయటికొచ్చేవాళ్లు. రకరకాల ఒంటి రంగులవాళ్లున్న కార్డులు రావడానికి 1990ల దాకా పట్టింది. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోనుతో, ముదురు రంగు ముఖాల్ని ఉన్నదున్నట్టు చూపిస్తామంటూ 'రియల్ టోన్' అని ఓ ఏర్పాటు తెచ్చింది. అంటే అప్పటిదాకా సరిగ్గా లేదని ఒప్పుకున్నట్టేగా!

అయితే అన్నీ కంపెనీల మీదే తోసేయడం న్యాయం కాదు. పెళ్లి ఆల్బం డిజైన్ చేసే కుర్రాణ్ని అడగండి. 'పెళ్లికూతుర్ని కొంచెం తెల్లగా చెయ్యి బాబూ' అనని ఇల్లు ఎన్నుంటాయని. సెన్సర్ ఎంతో కొంత నిజం కొలిచి పంపినదాన్ని మౌసుతో మనమే తుడిచేస్తాం. నలభై ఏళ్ల తరవాత ఆ పిల్ల మనవరాలు ఆల్బం తిప్పి 'అమ్మమ్మ ఇంత తెల్లగా ఉండేదా' అంటుంది. చిలకపచ్చ చీర చూసి నేను మోసపోయినట్టే.

సరే, మా చీర సంగతి. మర్నాడు పొద్దున్న పదింటికి ఎండ నేరుగా పడకుండా, నీడగా వెలుతురుండే వసారాలో మళ్లీ పరిచాం. ఫోటోలవాళ్లు వాడే బూడిదరంగు కార్డు ఆఫీసు నుంచి తెచ్చి చీర మీద పెట్టాను. తెల్ల కాగితం పెట్టచ్చుగా అంటారేమో, తెల్లగా కనపడటానికి కాగితంలో కలిపే మందు వల్ల అది కాస్త నీలంగా ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ చేత్తో సరిచేసి తీశాను. ఈసారి వచ్చింది వంకాయ! లేత వంకాయే అనుకోండి, అయినా వంకాయే. గర్వంగా అక్కకి పంపించాను. అక్కడ ఆ ఫోను స్క్రీన్ తీరు వేరు. 'బావుందిరా, ఇది నేరేడుపండు రంగనుకోలేదు' అని మెసేజ్ పెట్టింది.

అమ్మ ఇక నా మాట వినలేదు. చీరని తాతయ్య పాత పంచెలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. మాచింగ్ సెంటర్లో అదే కుర్రాడు. నన్ను చూసి నవ్వాడు. అమ్మ చీర కొంగు రెండు జానలు మాత్రం విప్పింది. అతను లోపల లైట్ల కింద ఒక్క తాను కూడా చూపించలేదు. ఆరు తానులు చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగి, రోడ్డు మీద ఎండలోకి తెచ్చి ఒక్కొక్కటే కొంగు పక్కన పెట్టాడు. నాలుగోదాని దగ్గర అమ్మ చెయ్యి ఆగింది.

'మీటరు కొయ్యి బాబూ, పిల్ల పొడుగు' అంది.